ఆరో గంట నెత్తురు

మూలరక్తం గొట్టాన్ని యంత్రం వేడిలో పెట్టకూడదు. అరచేతిలో పట్టుకుని మనిషి వేడికే కరగనివ్వాలి. నియమావళిలో ఆ మాట ఎక్కడా లేదు గానీ రాజమణికి పని నేర్పినవాళ్ళు అలా నేర్పారు. పద్నాలుగేళ్ళుగా ఆమె అలాగే చేస్తోంది. చిటికెనవేలంత గొట్టం. దాని మీద అచ్చులో "ఆరో గంట" అని ఉంది, కింద వంకర అక్షరాల్లో ఒక సంతకం. ఇరవై రెండేళ్ళ కిందట ఆ సంతకం పెట్టిన మనిషి ఇప్పుడు పది అడుగుల దూరంలో, గొర్రె గదమ కింద గోకుతూ కూర్చున్నాడు.

రాజమణి ఒక్క చుక్క తీసి అంకయంత్రం నాలుక మీద వేసింది. తెర మీద యాభై ఎనిమిది కనబడింది.

"యాభై ఎనిమిది, బాపూ."

"ఉంటది. యాడికి పోతది?" అన్నాడు ఆమె తండ్రి బీరయ్య, గొర్రె మీంచి చూపు తిప్పకుండానే.

నిజమే, ఎక్కడికీ పోదు. అది యంత్రం కొలిచి చెప్పే సంఖ్య కాదు. ఈ చుక్కలో ఎంత ఉంటే అదే యాభై ఎనిమిది అని యంత్రానికి మనుషులు చెప్పిన సంఖ్య. రాష్ట్రంలో రెండు కోట్ల మణికట్ల మీద ఉన్న నెత్తురుపూసలు రోజూ ఉదయం ఈ చుక్కను అడిగే తమ లెక్క సరిచేసుకుంటాయి.

గుండె కండరం చచ్చినప్పుడు అందులోని చిందుకృత్తు అనే మాంసకృత్తు రక్తంలోకి కారుతుంది. ఎంత కారిందో చూస్తే ఎంత కండరం పోయిందో చెప్పవచ్చు. ఆ లెక్క కట్టడానికే రాయినిగుట్ట ప్రమాణశాలలో అప్పట్లో పన్నెండు గొర్రెల గుండె నరాలకు దారం బిగించారు. ఆరో గంటకు నెత్తురు తీశారు. మర్నాడు గుండెలు కోసి, రంగు పట్టని చచ్చిన భాగాన్ని కొలిచారు. ఈ రెంటికీ ముడిపెట్టిందే ప్రమాణం. తర్వాత చట్టం వచ్చింది, జీవహింస తగ్గాలని. ఇప్పుడు ఏటా ఒక్క గొర్రెనే, ప్రమాణం ఇంకా నిలిచే ఉందని తనిఖీ చేయడానికి వాడతారు.

నొప్పి మొదలైన ఆరో గంటకు పూస మీద అంకం పడుతుంది. నలభై దాటితే పైగాయం. ప్రాణబండి ఇంటి ముందు దిగుతుంది. నలభై లోపు అయితే ఇంటిగాయం. రెండు మాత్రలు, విశ్రాంతి. గుండె దవాఖానాలు పదకొండే ఉన్నాయి, గుండెలు చాలా ఉన్నాయి. అందుకని ఎవరిని పిలవాలో తేల్చే పని మనుషుల చేతుల్లోంచి తీసి అంకానికి అప్పగించారు. అంకానికి కులం లేదు, సిఫారసు లేదు, మొహమాటం లేదు అని చెప్పుకున్నారు. అన్నీ నిజమే. సిగ్గు కూడా లేదు.

బీరయ్యను ఏటా ఈ ఒక్కరోజుకి పిలిపిస్తారు. అరవై ఎనిమిదేళ్ళవాడు. ఆయన పట్టుకుంటే గొర్రె కదలదు, ఇంకెవరు పట్టుకున్నా శాలంతా తన్నుకుంటుంది. గోడ మీద ప్రమాణం నాటి ఫోటో ఉంది. ముగ్గురు డాక్టర్లు, పన్నెండు గొర్రెలు, ఓ అంచున భుజాన గొంగడితో బీరయ్య. కింద నాలుగో పేరు ఆయనదే. వాళ్ళ కురుమవాడలో ఆ ఫోటో నకలు లేని ఇల్లు లేదు. అంత పెద్ద పటంలో మన మనిషి పేరుందని వాళ్ళ మురిపెం.

పదకొండూ నలభైకి రాజమణి మీట తిప్పింది. గొర్రెకు ముందే నొప్పి తెలియని మందు ఇచ్చారు. లోపల దారం బిగుసుకుంది. బీరయ్య దాని చెవిలో ఏదో గొణిగాడు. ఏం గొణుగుతాడో ఏనాడూ చెప్పలేదు. దాని మెడపూస పసుపురంగుకు తిరిగింది.

పన్నెండు నిమిషాల తర్వాత బీరయ్య పూస కూడా పసుపురంగుకు తిరిగింది.

ఆయన కేక పెట్టలేదు. గొర్రె వీపు మీది చేతిని తన రొమ్ము మీద పెట్టుకుని, కడ్డీకి ఆనుకుని మెల్లగా కిందికి జారాడు. నుదురంతా చెమట. రాజమణి పరుగెత్తి పట్టుకునేలోపు పూస తన పని తాను చేసుకుపోయింది. "నొప్పి నమోదు పదకొండూ యాభై రెండు. అంకం సాయంత్రం అయిదూ యాభై రెండుకు," అంది కమ్మని ఆడగొంతుతో.

"దానికీ నాకూ ఒక్కటే లగ్గం పెట్టిన్రు బిడ్డా," అన్నాడు బీరయ్య, నవ్వబోయి.

శాలాధికారి డాక్టర్ శేషగిరి వచ్చాడు. పశువైద్యుడు, కాకినాడవైపు మనిషి. చెడ్డవాడు కాదు. ముందు పూస చూశాడు, తర్వాత గోడ గడియారం చూశాడు.

"ఆరో గంట దాకా ఏమీ అనుకోలేం కదమ్మా. పడుకోబెట్టు. నీళ్ళు పట్టించు."

"సార్, జర దవాఖానకు తీస్కపోతే..."

"అంకం లేనిదే గేటు తెరవరు రాజమణీ. నీకు తెలియనిదా?"

ఆమెకు తెలుసు. వాడలో ఎందరికో తనే ఓపిగ్గా చెప్పింది ఆ సంగతి. గొంగడి పరిచి తండ్రిని గొర్రె పక్కనే పడుకోబెట్టింది. మధ్యాహ్నమంతా వాళ్ళిద్దరూ ఒకే వరసలో ఆరో గంట కోసం ఎదురుచూశారు. గొర్రెకు గంటగంటకూ ఊపిరి లెక్కపెట్టాలని నియమం ఉంది. మనిషికి లేదు.

అయిదున్నరకు శాలలో దీపాలు వెలిగాయి. రాజమణి సూది అందుకుంది. ఆ చప్పుడుకో, ఆ వెలుతురుకో బీరయ్య కళ్ళు తెరిచాడు.

"దీపం పెట్టిన్రా? జర ఆగు బిడ్డా. ఇప్పుడే సూది పట్టకు. ఆకాశంల చుక్క పొడవనీ."

"ఆగేది లేదు బాపూ. గడియారం సూది ఇది. నిమిషం దాటితే నెత్తురు గుంజది."

"గిప్పటియి గట్లనే. మా అప్పుడు ఆగేటియి."

రాజమణి చేయి గొర్రె మెడ మీదే ఆగింది. "ఆగేటియంటే?"

బీరయ్య కళ్ళు మూసుకున్నాడు. సూది గడియారం టిక్కుమంది. అయిదూ నలభై. ఆమె నెత్తురు తీసి యంత్రానికి ఇచ్చింది.

దారం పడే చోటు ఏటా ఒక్కటే, బిగువూ ఒక్కటే. కాబట్టి అంకం యాభై ఎనిమిది దగ్గర రావాలి. ముప్పై ఆరు వచ్చింది. నిరుడు ముప్పై అయిదు. అంతకుముందు ఏడు ముప్పై ఏడు. ఆ చట్టం వచ్చిన నాటి నుంచీ ఒక్క గొర్రె కూడా యాభై దాటలేదు. ప్రతిసారీ "అప్రమాణ జీవి" అని రాసి పాతిపెట్టారు. కారణం గడిలో ఒక ఏడు మేత అని రాశారు, ఒక ఏడు ఎండ, ఒక ఏడు జాతి మారిందన్నారు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు ఇరవై ఒక్క గొర్రెల మీద తప్పు మోపారు. వాటిలో పద్నాలుగు కాగితాల మీద సాక్షి సంతకం రాజమణిదే.

అయిదూ యాభై రెండుకు బీరయ్య పూస మోగింది. "ముప్పై నాలుగు. ఇంటిగాయం. రెండు మాత్రలు వేసుకుని విశ్రాంతి తీసుకోండి. శుభం."

ఆయన పెదవులు నీలిరంగుకు తిరిగాయి. చొక్కా తడిసి ఒంటికి అంటుకుంది. రాజమణి పక్కన కూలబడి మొహం దగ్గర మొహం పెట్టింది.

"బాపూ. ఆ పన్నెండు జీవాలకు నెత్తురు ఎప్పుడు తీసినవు?"

"ఇప్పుడెందుకే గది?"

"చెప్పు."

ఆయన కాసేపు ఊపిరి కూడదీసుకున్నాడు. "దీపం పెట్టే యాల్ల సూది చేతికియ్యరు. మా అవ్వ కుట్టే బట్ట గూడ పక్కకు పెట్టేది. గసొంటి యాల్ల పానమున్న జీవానికి సూది పొడుస్తనా? డాక్టర్లు పగటాల పన్నెండింటికి దారం బిగిచ్చి పోయేటోళ్ళు. నేనొక్కన్నే ఉండేది. చుక్క పొడిచినంక, ఇంత బువ్వ తిని, అప్పుడు తీసేటోన్ని."

"అప్పటికి ఎన్ని గంటలయ్యేది?"

"ఎనిమిదిన్నర. తొమ్మిది గూడ అయ్యేది ఒక్కోపారి. గొట్టం మీద ఆరో గంటని ముందే అచ్చేసి ఉండె. నెత్తురు నెత్తురే గదా, గంట ఎనకాముందయితే ఏమైతదనుకున్న."

ఏమవుతుందో రాజమణికి బాగా తెలుసు. దారం బిగిశాక చిందుకృత్తు గంటగంటకూ పెరుగుతూనే పోతుంది. తొమ్మిదో గంట నెత్తురు మీద ఆరో గంట అని రాసి, దాన్ని ప్రమాణమన్నారు. నిజంగా ఆరో గంటకు చూస్తే అదే గాయం ముప్పై ఆరు. గొర్రెలు ఇరవై ఒక్కసారి నిజమే చెప్పాయి. మనుషులు ముప్పై ఆరుతో, ముప్పై ఎనిమిదితో ఇళ్ళల్లోనే ఉండి, రెండు మాత్రలు వేసుకుని పడుకున్నారు. లేవనివాళ్ళను వయసు అన్నారు, కర్మ అన్నారు.

"అమ్మది ముప్పై ఏడు," అంది రాజమణి.

బీరయ్య మొహం గొర్రె వైపు తిప్పుకున్నాడు.

తొమ్మిదేళ్ళ కిందట ఎల్లవ్వ మంచం పక్కన కూర్చుని, "ముప్పై ఏడే అమ్మా, నలభై లోపే, ఏం గాదు పండుకో" అని జోకొట్టినట్టు చెప్పింది రాజమణే. తల్లి నమ్మింది. చదువుకున్న బిడ్డ, ప్రమాణశాలలో పనిచేసే బిడ్డ చెబితే ఎందుకు నమ్మదు? తెల్లారేసరికి చల్లబడింది.

"నీకు ఎప్పుడు తెలిసింది?"

"ఆ ఏడే. మీ అమ్మ పోయిన రెండు నెలలకు తనిఖీ జీవం ముప్పై ఆరన్నరు. పాతుమని నాకే ఇచ్చిన్రు. పాతవోయి ఎందుకో గుండె కోసి చూసిన. ఇంత మేర కమిలిపోయి ఉండె." చేతి వేళ్ళు మూడు కలిపి చూపించాడు. "మంచిగున్న జీవాన్ని చెడ్డదన్నరు. అప్పుడు సమజయింది, చెడ్డది ఏందో."

"తొమ్మిదేండ్లు నోరు మూసుకున్నవా బాపూ?"

"చెప్పబోయిన బిడ్డా. శానాసార్లు. నోరు పెగల్లే. వాడంత ఆ ఫోటో పెట్టుకున్నరు. నా సూదితోని మీ అమ్మను సంపిన్నని ఎట్ల చెప్పాలె?" కళ్ళ కొనల నుంచి నీళ్ళు చెవుల్లోకి కారాయి. "ముప్పై నాలుగు నాకు సరిపోతది. ఇడిసిపెట్టు."

రాజమణికి ఆ క్షణంలో తండ్రి మీద జాలి కలగలేదు. అసహ్యం వేసింది. తనూ చచ్చిపోతే తీరిపోయే బాకీ అనుకుంటున్నాడు. వెంటనే ఆ నీలి పెదవులు చూసి భయం వేసింది. ఈయన పోతే తనకంటూ ఇంకెవరూ లేరు.

శేషగిరి తనిఖీ పత్రం వెలుగుతున్న కాగితం పలకతో వచ్చాడు. "ముప్పై ఆరటగా? ఈ ఏడు చలి అని రాసేద్దాం. సంతకం పెట్టమ్మా."

ఆమె పెట్టలేదు. జరిగింది నాలుగు మాటల్లో చెప్పింది. శేషగిరి విన్నాడు. ఒకసారి గోడ మీది ఫోటో వైపు, ఒకసారి నేల మీది మనిషి వైపు చూశాడు. గొంతు తగ్గించాడు.

"మూలరక్తం గొట్టంలో ఇంకా మిగిలి ఉంది కదా. ఒక చుక్క మీ నాన్నగారి పేరు మీద యంత్రానికి చూపించు. పూస పాడైంది, చేత్తో కొలిచామని రాస్తాను. యాభై ఎనిమిది వస్తుంది. పది నిమిషాల్లో బండి దిగుతుంది. నేనేమీ చూడలేదు."

"మరి తతిమావాళ్ళు?"

"తతిమావాళ్ళ కోసం 'అప్రమాణ జీవి' పక్కనే రెండో గడి ఉంది, 'ప్రమాణం అప్రమాణం' అని. ఎవరూ నొక్కలేదు ఇంతవరకూ. సాక్షివి నువ్వే, నీకు హక్కుంది, కాదనను. కానీ ఏమవుతుందో తెలుసా? రాష్ట్రంలో పూసలన్నీ ఆగిపోతాయి. ఈ రోజు ఇంటిగాయం పడిన ప్రతివాళ్ళకీ బండి పంపాలి, నొప్పి మొదలైన వరసలో. మన జిల్లాకి ఉన్నవి నాలుగు బండ్లు. మీ నాన్నగారిది అందరికంటే చివరి నొప్పి. వరసలో ఎక్కడుంటారో చూసుకో." గోడ పలక మీద జిల్లా జాబితా మెల్లగా పైకి జరుగుతోంది. పద్దెనిమిది పేర్ల కింద బీరయ్య పేరు ఉంది. "నీ తండ్రమ్మా. ముందు ఆయన్ని బతికించుకో. మిగతాది రేపు ఆలోచిద్దాం."

రేపు ఎవరూ ఆలోచించరని ముగ్గురికీ తెలుసు.

రాజమణి గొట్టాన్ని అరచేతిలోకి తీసుకుంది. ఎంత తేలిక! తండ్రి అబద్ధం తండ్రినే బతికిస్తుంది. ఆయన చేత్తో తీసిన తొమ్మిదో గంట నెత్తురే ఆయన ప్రాణానికి కాపు కాస్తుంది. యంత్రం పేరు అడిగింది. ఆమె "బీర" అని రెండక్షరాలు కొట్టింది కూడా. ఆమెకు ఆ బండి కావాలి. దాచుకోవలసిందేమీ లేదు, ఒళ్ళంతా కావాలనే అంటోంది.

పలక మీద పేర్లు మళ్ళీ మొదటికి వచ్చాయి. స్త్రీ, యాభై ఒకటి, ముప్పై తొమ్మిది. పురుషుడు, నలభై నాలుగు, ముప్పై మూడు. స్త్రీ, అరవై, ముప్పై ఏడు.

అరవయ్యేళ్ళ ఆ ముప్పై ఏడు పక్కన ఈ సరికి ఎవరో కూర్చుని, ఏం గాదు పండుకో అని చెబుతూ ఉంటారు. రాజమణి చేయి ముందుకు పోలేదు.

లేచి వెళ్ళి గొట్టంలోని మూలరక్తాన్ని తూములో ఒంపింది. కుళాయి తిప్పింది. శేషగిరి "అయ్యో అయ్యో" అంటూ రెండడుగులు వేసి ఆగిపోయాడు. ఆమె వెనక్కి వచ్చి, కాగితం పలక అందుకుని, రెండో గడి నొక్కింది. కారణం అడిగింది పలక. రాసింది.

"ఆరో గంట అని ఉన్న నెత్తురు తొమ్మిదో గంటది. పన్నెండూ అంతే. తీసినవాడు కురుమ బీరయ్య. తప్పని గొర్రెలు చెబుతూ వచ్చాయి, మేము వినలేదు. సాక్షి, ఆయన బిడ్డ రాజమణి."

ముందు గొర్రె మెడపూస ఆరింది. తర్వాత శేషగిరిది, ఆమెది, బీరయ్యది. పలక మీద అంకాల గడి మొత్తం ఖాళీ అయింది. పేర్లు మాత్రం మిగిలాయి, ఒక్కో పేరు ముందు వరస సంఖ్య. బీరయ్య, పంతొమ్మిది. బయట మొదటి ప్రాణబండి లేచిన చప్పుడు వినబడింది. గుట్ట మీదుగా వచ్చి, శాల దాటి, అవతలి ఊరివైపు వెళ్ళిపోయింది.

"అలమారల నెత్తురుగడ్డలు కరిగిచ్చే మందున్నది గదా సార్, జీవం నరంలో గొట్టం పూడుకపోతే ఎక్కిచ్చేది," అంది రాజమణి.

"అది గొర్రెలకమ్మా. అంకం లేకుండా మనిషికి ఎలా ఇస్తాను? నేను పశువుల డాక్టర్ని."

"ఇప్పుడు ఎవ్వరికీ అంకం లేదు సార్. ఎవలో ఒకలు చెయ్యేసి చూడాలె."

శేషగిరి అలవాటుగా తన మణికట్టు చూసుకున్నాడు. పూస మీద ఏమీ లేదు. చివరికి అలమార తాళం ఆమె చేతిలో పెట్టి, మోకాళ్ళు పట్టుకుంటూ గొంగడి అంచున కూర్చున్నాడు. బీరయ్య చేతి మీద ఆరిపోయిన పూసను పైకి జరిపి, దాని కింద వేళ్ళు పెట్టి నాడి చూశాడు.

"బీరయ్యా, నొప్పి ఎక్కడ? ఎలా ఉంది?"

పగటినుంచీ ఆ మాట ఎవరూ అడగలేదు. కన్నబిడ్డ కూడా అడగలేదు. బీరయ్య చాలాసేపు ఆయన మొహంలోకి చూసి, రొమ్ము మీంచి ఎడమ దవడ దాకా వేలితో గీసి చూపించాడు. రెండో బండి కూడా శాల మీదుగా వెళ్ళిపోయింది. దాని చప్పుడు పోయేదాకా విని, కూతురి కోసం తల తిప్పాడు. ఆమె మందు సీసా, సూది పట్టుకుని వచ్చింది.

"మల్ల కొత్తగ కొలుస్తరు గదా బిడ్డా. మల్ల పన్నెండు జీవాలు కావాలె."

"కావాలె బాపూ."

"ఎవలు పడ్తరు వాటిని?"

"నేనే పడ్త."

ఆయన ఆమె చేతిలోని సూదిని, నెత్తిమీద వెలుగుతున్న దీపాన్ని చూశాడు. చొక్కా చేయి తనే పైకి జరుపుకున్నాడు.

"దీపం పెట్టినా సరే, వాటి నెత్తురు తియ్యి. చుక్క కోసం ఆగకు."